బ్రిలియంట్ అనే మాట ఎక్కడి రాయి?

తొలకరి వాన పడిన మరునాడు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని నేలను చూస్తూ నడిచే దృశ్యం కర్నూలు జిల్లావాళ్లకు కొత్తది కాదు. విత్తనానికి సిద్ధం చేసిన ఎర్రనేల మీద వాన పైమట్టిని కడిగేస్తుంది, రాళ్లు తేలుతాయి, వాటిలో ఏదో ఒకటి వజ్రం కాకపోతుందా అన్న ఆశతో అటు అనంతపురం నుంచీ ఇటు బళ్ళారి నుంచీ కూడా మనుషులు వస్తారు. గుడి అరుగుల మీదా చెట్ల కిందా పడుకుని రోజుల తరబడి వెతుకుతారు. ఆ మధ్య ఒక జూన్ నెలలో, బడులు తెరవడానికి ఇంకా నాలుగు రోజులు ఉండగా, మా బావమరిది పోరు పడలేక నేనూ వెళ్లాను. మధ్యాహ్నం దాకా తిరిగి, చింతగింజంత తెల్లరాయి ఒకటి ఏరుకుని, వేపచెట్టు కింద కూర్చుని ఉన్న ఒక పెద్దాయనకు చూపించాను. రాళ్లు చూసి ఇది ఫలానా అని చెప్పి, వ్యాపారి దగ్గరకు తోడు వెళ్లడం ఆయన పని.

ఆయన కళ్లద్దాలు పంచెకొంగుతో తుడుచుకుని, రాయిని ఎండకు ఎత్తి చూసి, "పలుగురాయి సార్" అని నా చేతిలోనే పెట్టేశాడు. మెరుస్తోంది కదా అన్నాను. "మెరిసేటివన్నీ పలుగురాళ్లు, సీసాపెంకులే సార్. అసలుది పటిక మాదిరి మబ్బుగా ఉంటాది. సూరత్‌కు పోయి బ్రిలియంట్ కోత పడినాకనే దానికి ఎలుగు" అన్నాడు. ఆ తర్వాత నా ముఖం చూసి, "ఏం సార్, మొగం తెల్లబాయెనే" అని నవ్వాడు.

నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. బ్రిలియంట్ అనే మాటను ఏడాదికి మూడుసార్లు, ప్రోగ్రెస్ కార్డుల మీద, తొంభై దాటిన మార్కుల పక్కన రాస్తాను. అక్షరజ్ఞానం అంతగా లేని ఆ పెద్దాయన నోట అదే మాట ఒక కోత పేరుగా, సానపట్టేవాళ్ల పారిభాషిక పదంగా, ఏ తడబాటూ లేకుండా వచ్చింది. ఆయన వాడిన అర్థమే నా అర్థం కన్నా పాతదని ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగేశాక గాని నాకు తెలియలేదు. తిరగేసిన కొద్దీ ఆ మాట లండన్ దాటి, పారిస్ దాటి, రోమ్ దాటి వెనక్కి నడుచుకుంటూ దాదాపు మన గడప దాకా వచ్చింది. ఆ నడకనే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇంగ్లీషులోకి బ్రిలియంట్ ప్రవేశించింది 17వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో. అప్పటికే ఆ భాషలో వెలుగుకు మాటల కరవు లేదు. బ్రైట్, షైన్, గ్లీమ్, గ్లిట్టర్, స్పార్కుల్ అన్నీ ఉన్నాయి. అయినా ఫ్రెంచివారి బ్రియాఁ అనే మాటను అరువు తెచ్చుకున్నారు. అది మెరవడం అనే అర్థమున్న బ్రియ్యే అనే క్రియకు వర్తమాన రూపం, అంటే ‘మెరుస్తూ ఉన్న’ అని. ఇంచుమించు అదే కాలంలో, అందంగా కోత కోసిన వజ్రానికి కూడా బ్రిలియంట్ అనేది నామవాచకంగా స్థిరపడింది. మెరుపు అన్న విశేషణమూ వజ్రం అన్న నామవాచకమూ కవలల్లాగా ఒకేసారి వచ్చాయన్నమాట. తెలివైనవాడు అన్న అర్థం అప్పటికింకా లేదు.

ఫ్రెంచివారికి ఆ క్రియ ఇటలీ నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో బ్రిల్లారె అంటే తళతళలాడటం. ఇక్కడినుంచి వెనక్కి వెళ్లేటప్పుడు పండితులు రెండుగా చీలుతారు. గిరగిరా తిరగడం అనే అర్థమున్న ప్రిల్లారె అనే మాటకు ఇది చుట్టమని కొందరంటారు. బొంగరం తిరుగుతున్నప్పుడు దాని మీది రంగు మెరిసినట్టు కనిపించడం చూసినవారికి ఈ వాదం అసంబద్ధంగా తోచదు. ఆ భాషలో కొంచెం తాగి ఊగుతున్నవాణ్ణి బ్రిల్లో అంటారన్న సంగతి కూడా ఈ వాదానికి కొంత బలమిస్తుందేమో. రెండో వాదం ప్రకారం, బెరిల్ అనే రత్నం లాగా మెరవడం అనే అర్థంలో ఆ క్రియ పుట్టింది. నిఘంటువుల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. నేను దాని వెంటే నడుస్తాను, అందులో నా ప్రాంతాభిమానం కొంత ఉందని ఒప్పుకుంటూనే.

బెరిల్ అంటే బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఆరు పలకల స్తంభంలాగా పెరుగుతుంది. శుద్ధంగా ఉంటే రంగు ఉండదు. క్రోమియం వంటివి లేశమాత్రంగా కలిస్తే మన పచ్చ అవుతుంది, ఇనుము కలిస్తే సముద్రపు నీటి రంగు తిరిగి ఆక్వామరీన్ అవుతుంది. 1798లో వోక్లాఁ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రాయిలోనే ఒక కొత్త మూలకం ఉందని కనిపెట్టడం వల్ల ఆ మూలకానికి బెరీలియం అన్న పేరు దక్కింది. మన జాతకాల వాళ్లు పచ్చను బుధుడికి కేటాయించారు, బుధుడు బుద్ధికారకుడు; తెలివికి బ్రిలియంట్ అన్న పేరు రావడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు గాని, కర్నూలు నగల దుకాణంలో నవరత్నాల ఉంగరం చూసినప్పుడల్లా ఈ కాకతాళీయం గుర్తుకు వచ్చి నవ్వుకుంటాను.

లాటిన్‌లో ఆ రాయి బెరిల్లుస్, గ్రీకులో బేరుల్లోస్. క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పండితుడు ప్రకృతిని గురించి రాసిన 37 భాగాల ఉద్గ్రంథంలో చివరి భాగం రత్నాలది. బెరిల్ ఇండియాలోనే పుడుతుందనీ, మరెక్కడా అరుదుగా తప్ప దొరకదనీ ఆయన రాశాడు. దాన్ని ఆరు పలకలుగా కోస్తారనీ, నున్నగా వదిలేస్తే రంగు మందగిస్తుందనీ, పలకల అంచుల మీద కాంతి విరిగినప్పుడే దానికి జీవం వస్తుందనీ కూడా రాశాడు. వేపచెట్టు కింద పెద్దాయన చెప్పింది దాదాపు ఇదే. అంతటితో ఆగక, స్ఫటికానికి రంగు పట్టించి నకిలీ బెరిల్ తయారుచేయడంలో ఇండియావాళ్లు సిద్ధహస్తులని ప్లినీ ఒక చురక కూడా అంటించాడు. రాయి ఎంత పాతదో దగా కూడా అంత పాతదే.

ఆ రాళ్లు ఎక్కడివి? తమిళనాడు పశ్చిమ భాగమైన కొంగునాడులో, కాంగేయం దగ్గర పడియూరు అనే ఊళ్లో ఆక్వామరీన్ గనులు ఉండేవి. ఆ చుట్టుపక్కల నేలలో రోమన్ నాణేలు కుండలకొద్దీ దొరికాయి. అక్కడికి దగ్గరలోనే ఉన్న కొడుమణల్‌లో పూసలు, రాళ్లు సానపట్టిన పనివాళ్ల ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. పశ్చిమ తీరపు రేవుల నుంచి ఓడలెక్కిన మిరియాల బస్తాల పక్కన ఈ రాళ్ల మూటలూ ఉండేవి. సరుకుతో పాటు సరుకు పేరు కూడా ఓడ ఎక్కడం లోకసహజం.

ఎక్కిన పేరు ఏది? పాళీ భాషలో వేళురియ, ప్రాకృతంలో వేరులియ, సంస్కృతంలో వైడూర్య. ‘వజ్రవైడూర్యాలు’ అని మనం ఒక్క ఊపిరిలో అనేసే జంటపదంలోని రెండో సగమే గ్రీకులో బేరుల్లోస్ అయి, లాటిన్‌లో బెరిల్లుస్ అయి, ఇటలీలో క్రియగా మారి, ఫ్రాన్సులో విశేషణమై, ఇంగ్లండు మీదుగా నా ప్రోగ్రెస్ కార్డు మీదికి చేరింది. మన ప్రాంతంలో వైడూర్యమంటే కేతువుకు పెట్టుకునే పిల్లికన్ను రాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. రత్నాల పేర్లు కాలక్రమంలో రాయి నుంచి రాయికి మారుతూనే ఉంటాయి. పిల్లికన్నుకు ఖనిజశాస్త్రం పెట్టిన పేరు క్రైసోబెరిల్, అంటే బంగారు బెరిల్. ఖనిజాలు వేరైనా పేరు మాత్రం ఆ ఇంటిదే.

ఇక్కడ నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది సంస్కృత వ్యాకరణంలోని ఒక చిన్న తగవు. విదూరం నుంచి వచ్చేది వైదూర్యం అని పాణిని అష్టాధ్యాయిలో ఒక సూత్రం ఉంది. దాని మీద మహాభాష్యం రాస్తూ పతంజలి ఒక చిక్కు లేవనెత్తాడు: ఆ రాయి పుట్టేది వాలవాయమనే కొండలో కదా, విదూరంలో కాదు కదా, మరి ఆ పేరు ఎలా చెల్లుతుంది? ఆయనే ఇచ్చిన సమాధానాల్లో ఒకటి, పుట్టడం వాలవాయంలోనే అయినా దానికి సంస్కారం జరిగేది విదూరంలో కాబట్టి ఆ ఊరి పేరు వచ్చింది అని. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ వాక్యం చదివినప్పుడు, తుగ్గలి చేనూ సూరత్ సానా నా కళ్ల ముందు నిలిచాయి. పుట్టిన చోటు పేరు కాకుండా సానపట్టిన చోటు పేరు దక్కడం రాళ్లకు ఎప్పటినుంచో ఉన్న గతి. ఆ మాటకొస్తే బ్రిలియంట్ అనే మాటకూ అదే గతి పట్టింది. దాన్ని సానపట్టిన ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల పేరుతోనే అందరూ గుర్తిస్తారు.

విదూరం అన్న వ్యుత్పత్తి వ్యాకరణానికి కుదిరింది గాని, ప్రజల మాట అది కాదని నా అభిప్రాయం. తెలుగులో మనం ‘ద’ కాకుండా ‘డ’తో వైడూర్యం అని రాస్తాం, పాళీలో ఉన్నది ‘ళ’. మూర్ధన్యాక్షరాలైన డ, ళ ఒకదాని చోట ఒకటి రావడం వేదభాషలోనే ఉంది. కాబట్టి దక్షిణాది ‘ళ’ ముందు, సంస్కృతపు ‘డ’ ఆ తర్వాత, విదూరం అనే ఊహ చిట్టచివర అనుకోవడమే సబబు. ఈ మాటకు మూలం ద్రావిడమని చెప్పే భాషావేత్తల బలం ఇక్కడే ఉంది. వారిలో కొందరు వేలూరు అనే ఊరిపేరును, అంటే నేటి కర్ణాటకలోని బేలూరును చూపిస్తారు. మరికొందరు పాలిపోవడం, తెల్లబడటం అనే అర్థమున్న తమిళ ధాతువులను, వెళిఱు, విళర్ అనేవాటిని చూపిస్తారు. పేరుపడిన పాత బెరిల్ గనులు బేలూరులో కాక కొంగునాడులో ఉండటం వల్ల నాకు రెండో దారే నచ్చింది. ఆ దారి వెంట మళ్లీ వస్తాను. అంతకు ముందు కళ్లద్దాల సంగతి ఒకటి ఉంది.

జర్మన్‌లో కళ్లద్దాలను బ్రిలె అంటారు, డచ్చివారు బ్రిల్ అంటారు. మధ్యయుగాల ఐరోపాలో అక్షరాల మీద పెట్టుకుని చదవడానికి పారదర్శకమైన బెరిల్, స్ఫటికం ముక్కలనే నున్నగా చెక్కి వాడేవారు. రాయి పోయి గాజు వచ్చినా పేరు మిగిలింది. వేపచెట్టు కింద ఆ పెద్దాయన తుడుచుకున్న అద్దాలూ, ఆయన నోటి కోత పేరూ, నా సంచిలో ఉన్న కార్డుల మీది మెచ్చుకోలూ ఒకే తల్లి పిల్లలని ఆ పూట మా ఇద్దరికీ తెలియదు.

ఇక ఆ కోత సంగతి. వజ్రంలోకి వెళ్లిన కాంతి గాలిలో కన్నా దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో దాని వక్రీభవన గుణకం 2.42. అందువల్ల లోపలి గోడను సుమారు 24 డిగ్రీల కన్నా వాలుగా తాకిన కిరణమేదీ బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది. కింది పలకలను తగిన వాలులో చెక్కితే, పైనుంచి పడిన కాంతి లోపలే రెండు మలుపులు తిరిగి మళ్లీ పైకే, చూసేవాడి కంటికే వస్తుంది. బ్రిలియంట్ కోత రహస్యం ఇంతే. 17వ శతాబ్దం నుంచి చేతి అనుభవంతో ఎదుగుతూ వచ్చిన ఈ విద్యకు 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ గణితం జోడించి కోణాలు తేల్చాడు. నేటి గుండ్రని బ్రిలియంట్‌కు 57 పలకలు, అడుగున మొనను కూడా చదును చేస్తే 58.

మన దేశపు పాత పనివాళ్లు రాయి బరువు పోకుండా చూసుకునేవారు గాని మెరుపు కోసం రాయిని కరగదీసేవారు కాదు. 1851లో లండన్ మహాప్రదర్శనలో కోహినూరును పెడితే, ఇంత పేరున్న వజ్రం ఇలా మందకొడిగా ఉందేమిటని చూడవచ్చిన జనం పెదవి విరిచారు. దాంతో మరుసటి ఏడాదే దాన్ని కోలగా ఉండే బ్రిలియంట్‌గా మళ్లీ కోయించారు. సుమారు 38 గ్రాముల రాయి 21 గ్రాములకు దిగింది. ఆ పనిని నేను మెచ్చుకోలేను. ఒక మాట అర్థానికి సరిపోయేలా రాయిని మార్చినట్టుగా ఉంది. కోతకు రాకముందు రాయి చేసిన ప్రయాణమే ఎక్కువ అబ్బురం. మన అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోతుల నుంచి ఎగదన్నుకొచ్చిన కింబర్లైటు శిల వజ్రాలను పైకి మోసుకొచ్చింది. అంత దూరం వచ్చినది పటికబిళ్ళలాగా కనిపిస్తే మనకు చాలదు.

ఇంగ్లీషులో ఈ మాట తర్వాతి రెండు శతాబ్దాల్లో రాయి నుంచి విడిపోయి తిరగడం మొదలుపెట్టింది. సభ బ్రిలియంట్, యుద్ధంలో గెలుపు బ్రిలియంట్, సంగీతం బ్రిలియంట్, చివరికి బుర్ర బ్రిలియంట్. నేటి ఇంగ్లండులో అయితే టీ తెచ్చి ఇచ్చినా బ్రిలియంట్ అనేస్తారు. అంటే మన ‘భేష్’ స్థాయికి దిగింది. తల దువ్వుకునే ఒక రకం నూనె బ్రిలియంటీన్ అయింది. పాత అచ్చుకూటాల్లో డయమండ్ అని పిలిచే నాలుగున్నర పాయింట్ల అక్షరం కన్నా చిన్నదాని పేరు బ్రిలియంట్. అది చదవాలంటే జర్మన్ బ్రిలె ఉండాల్సిందే.

మెరుపు నుంచి తెలివికి వెళ్లడం ఇంగ్లీషువాళ్ల ప్రత్యేకత కాదు. మనం అంతకన్నా ముందే, అరువు లేకుండా ఆ పని చేసుకున్నాం. తెలి అంటే స్వచ్ఛం, తెలుపు. తెలిమంచు, తేటతెల్లం, తెల్లవారడం అన్నీ దాని సంతానమే. తెలుసుకోవడం, తెలియడం, తెలివి కూడా ఆ కడుపువే. తెలుపు అన్న ఒకే మాట రంగు పేరూ అవుతుంది, ‘సంగతి తెలుపు’ అన్నప్పుడు చెప్పడమూ అవుతుంది. చీకట్లో ఉన్నదాన్ని తెల్లగా చేసి చూపడమే కదా చెప్పడం. సొమ్మసిల్లినవాణ్ణి మనవైపు ‘తెలివి తప్పినాడు’ అంటారు, లేచి కూర్చుంటే ‘తెలివొచ్చె’ అంటారు. ‘నీ తెలివి తెల్లారినట్టే ఉంది’ అని మా నాయనమ్మ నన్ను తిట్టిన తిట్టులో ఎంత వ్యుత్పత్తి శాస్త్రం ఇమిడి ఉందో ఆమెకు చెప్పే అవకాశం నాకు లేకపోయింది. పిల్లల కార్డు మీద బ్రిలియంట్ బదులు ‘తెలివైన’ అని రాసినా మెరుపు ఎక్కడికీ పోదు. అయితే అలా రాస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఇప్పుడు వెళిఱు దగ్గరకు వస్తాను. ద్రావిడ భాషల్లో ‘వెళ్’ అనే ధాతువుకు తెల్లన, కాంతి అని అర్థాలు. మన వెలుగు, గోడకు వేసే వెల్ల, వెండి, వెన్నెల అన్నీ అక్కడివే. కన్నడంలో వకారం బకారమై బెళకు, బెళ్ళి, బెళదింగళు అయ్యాయి. రెండు భాషలూ కలిసి వినిపించే ఆదోని సంతలో నిలబడితే ఈ మార్పు పుస్తకం అవసరం లేకుండానే చెవిన పడుతుంది. వేళురియానికి మూలం ఈ ధాతువే అయితే, బ్రిలియంట్ మన వెలుగుకూ వెన్నెలకూ దూరపు చుట్టం. అయితే ఆ ధాతువుకు ఇంకొక ముఖం ఉంది. వెలవెలబోవడం కూడా దానిదే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర ఆ తర్వాత కూర్చిన నిఘంటువులో వెలవెలకు చెప్పినది పాలిపోవడమనే అర్థమే. తమిళ వెళిఱులోనూ ఉన్నది జిగేలుమనడం కాదు, రంగు తగ్గి పాలిపోవడం. లేత సముద్రపు రంగులో, నీళ్లు కలిపిన పాలలాగా కనిపించే ఆ రాయిని మొదట చూసినవారికి కనిపించింది మెరుపు కాకపోవచ్చు, ఆ పాలిపోయిన తెలుపే కావచ్చు.

తెలివిని ఇచ్చిన తెలి నుంచే తెల్లబోవడం, వెలుగును ఇచ్చిన వెళ్ నుంచే వెలవెలబోవడం వచ్చాయి. చేతిలో పలుగురాయి పెట్టుకుని నిలబడ్డ నన్ను చూసి "మొగం తెల్లబాయెనే" అన్న పెద్దాయన, ఈ లెక్కన, బ్రిలియంట్‌కు అత్యంత ప్రాచీనమైన అర్థాన్ని నా ముఖానికే అన్వయించి చెప్పాడు.

ఆ రాయి ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఉంది. మొన్న మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగితే, పలుగురాయి వక్రీభవన గుణకం సుమారు 1.54 అనీ, బెరిల్‌ది 1.57 అటూఇటూ అనీ పుస్తకం తీసి చూపించాడు. అంటే లోకానికంతటికీ మెరుపు మాటను ఇచ్చిన రాయికీ నా రాయికీ తేడా 0.03 మాత్రమే. వచ్చే తొలకరికి మళ్లీ తుగ్గలి వెళితే ఈ అంకెలు పెద్దాయనకు చెప్పాలని ఉంది. "అయినా పలుగురాయే సార్" అంటాడని తెలుసు.